పప్పు మిల్లులో మాటిమాటికీ కాలిన మోటారు

నారాయణఖేడ్‌లో నాది మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. కాలిన మోటారులోంచి పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టడం నా పని. ఒక ఏడాది కందులు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ఒకే మోటారు మళ్లీ మళ్లీ నా దగ్గరికొచ్చింది. కంగ్టి రోడ్డులోని పప్పు మిల్లులో పొట్టును ఊదే బ్లోయరుది అది. ఆటోలోంచి దించకముందే మాడు వాసన వచ్చేది. పక్కనున్న టీ కొట్టతను "మిస్త్రీ, నీ అల్లుడొచ్చిండు" అని కేకేసేవాడు.

దుకాణంలో తిప్పి చూస్తే బుద్ధిగా తిరిగేది. మిల్లుకు వెళ్లిన కొన్నాళ్లకే నల్లగా మాడి వచ్చేది. మిల్లు సేటు మొదట కరెంటోళ్లను తిట్టాడు, తర్వాత నన్ను అనుమానించాడు, చివరికి మోటారు ముందు కొబ్బరికాయ కొట్టాడు. మిల్లు ఆపరేటరు ఆదివారం చర్చిలో దానికోసం ప్రార్థన చేశాడు. మోటారు ఎవరినీ ఖాతరు చేయలేదు.

ఆఖరికి ఒకసారి, కొత్త తీగ చుట్టిన మోటారుతో పాటు నేనూ ఆటో ఎక్కాను.

ఆపరేటరుకు నన్ను చూడగానే రోషం వచ్చింది. "మస్తు మంచిగ చూసుకుంటున్న దీన్ని. మొదలు పైపు గంత పొడుగుండె, అన్ని మలుపులుండె. పొట్టు పడే కొత్త గది దగ్గర్ల కట్టినంక పైపు కోసి సీదా చేసినం. గాలి గేటు పూరా తెరిచిన. ఇగ దానికి తక్లీఫ్ ఏంది?"

"మరి స్టార్టరు నడుమ ఆగుతలేదా?"

"ఊకె ఆగుతుండె. పరేషాన్ చేస్తుందని రిలే ఎక్కువకు తిప్పిన."

భారం ఎక్కువైతే మోటారును ఆపి కాపాడేది ఆ రిలేనే. కాపలావాడి కళ్లకు గంతలు కట్టాడన్నమాట.

మోటారు బిగించి నడిపాం. తీగకు మీటరు తగిలిస్తే, తీసుకోవాల్సిన దానికంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతోంది. బేరింగులు చూశాను, బెల్టు చూశాను, వోల్టేజీ చూశాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నాకు తల గోక్కోవడమే మిగిలింది.

అప్పుడే మనూర్ వైపు నుంచి ఒక ముసలమ్మ బర్రెలకు పొట్టు కోసం వచ్చింది. సంచి నింపుకుందామని మాకు ఎదురుగానే ఉన్న పొట్టు గదిలోకి వెళితే, పైపులోంచి వచ్చే గాలికి పొట్టంతా ఎగిరి ఆమె కళ్లలో, నోట్లో పడింది. "బంద్ చెయ్యుండ్రిరా!" అని అరిచింది. ఆ హడావుడిలో ఎవరు పట్టించుకుంటారు? కోపంతో ఒక చెక్కపలక తెచ్చి పైపు మూతికి సగం అడ్డంగా పెట్టింది.

నా చేతిలోని మీటరులో అంకె దిగింది. మీటరు చెడిందేమోననుకున్నాను. ఆమె పలక తీసింది, అంకె ఎక్కింది.

"అవ్వా, పలక మళ్ల పెట్టు!"

పెట్టింది. దిగింది.

"ఇగ తియ్యి!"

"పెట్టుమంటవు, తియ్యుమంటవు! నాకేం పని లేదనుకున్నవా?"

ఆపరేటరు పరుగెత్తుకొచ్చాడు. "మూతి మూస్తే మోటారు దమ్ము ఆడక చస్తది!" నేను మీటరు అతని ముక్కు ముందు పెట్టాను. ముసలమ్మతో ఇంకోసారి పలక పెట్టించాను. అతను నోరు తెరుచుకుని చూశాడు. అంతలో ఎగిరొచ్చిన పొట్టు ఆ నోట్లో పడింది.

ఇంతా చేసి సంగతి చిన్నదే. ఆ బ్లోయరు ఎంత ఎక్కువ గాలిని తోస్తే మోటారుకు అంత ఎక్కువ పని. పాత పొడుగు పైపు గాలిని కొంత ఆపేది. దారి సాఫీ కాగానే గాలి పెరిగింది, మోటారు చాకిరీ చేసి చేసి కాలింది. పాపం, దాన్ని సుఖపెడదామనుకుంటూనే అందరూ చంపుతున్నారు.

పొట్టు సరిగ్గా ఎగిరేంత గాలి మాత్రమే వదిలేలా గేటు కొంచెం మూసి బోల్టు బిగించాను. రిలేను మోటారుకు తగినట్టు మళ్లీ తిప్పాను. సాయంత్రం దాకా నడిపాక మోటారు మీద చెయ్యి పెడితే, హాయిగా పెట్టుకోగలిగేంత వేడి మాత్రమే ఉంది. సేటు మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. ఆ మోటారు మళ్లీ నా దుకాణం గడప తొక్కలేదు.

కొన్నాళ్ల తర్వాత బస్టాండ్ దగ్గర ఆ ముసలమ్మ కనబడి నన్ను నిలబెట్టింది. "ఏం చేసినవ్ కొడుకా? మొదలు పొట్టుల మస్తు పప్పు నూక వస్తుండె, బర్రెలు ఖుషీగ తింటుండె. గిప్పుడు ఉత్త పొట్టే!"

ఎక్కువ గాలికి పొట్టుతో పాటు పప్పు నూక కూడా ఎగిరిపోయేదన్న సంగతి అప్పుడు నాకు తెలిసింది. సేటుకు ఇప్పటికీ తెలియదు.

"నా బర్రెల నోరు కొట్టినవ్ గదరా!" అనుకుంటూ ఆమె మనూర్ ఆటో ఎక్కింది.