అవ్వ వాటా

ప్రొకోపి ఖలొయ్మొవ్‌కి బూడిద చదవడం వచ్చు. కమ్చాత్కాలో తిగిల్ వైపు, ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఈ మాటకి ఎవరూ నవ్వరు. పరిశోధనకి వచ్చేవాళ్ళకి ముప్పై ఏళ్ళుగా గోతులు తవ్విపెట్టేది అతనే. గోతి గోడ మీద నల్లమట్టి మధ్య తెల్లచార కనపడితే చాలు, అది ఏ అగ్నిపర్వతం కక్కిన బూడిదో చెప్పేస్తాడు. చదివింది ఏడో తరగతి. పెద్ద చదువులవాళ్ళు తను చెప్పింది రాసుకుంటుంటే ఛాతీ కాస్త ముందుకొస్తుంది. దాన్ని దాచుకోవడం మాత్రం అతనికి చేతకాదు.

అలా వచ్చినవాళ్ళలో జోయా అర్కాద్యెవ్నా ఒకతి. పన్నెండేళ్ళ కిందట హెలికాప్టర్ దిగి, దోమలకి మొహమంతా వాచిపోయి, మొదటిరోజే ఏడ్చింది. ప్రొకోపి పొగ పెట్టి, భార్య మత్రోనా చేత టీ కాయించి, ఎండు చేప చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి అతను ఆమెకి బాబాయ్. ఏటా జూన్‌లో వచ్చేది, సెప్టెంబరులో ఆఖరి హెలికాప్టర్‌లో వెళ్ళిపోయేది. తొమ్మిది ఎలుగుబంట్లకి మెడపట్టీలు కట్టింది. అవి ఎక్కడ తిరిగేదీ, చలికాలపు నిద్రకి ఏ రోజు గుహ చేరి పడుకునేదీ ఆ పట్టీలు పట్నంలో ఉన్న ఆమెకి చెప్పేవి. నేల వేడి చూడ్డానికి ఏటి మలుపు దగ్గర గొట్టాలు పాతింది. పాతింది అంటే, పాతింది ప్రొకోపే.

ఆ ఊరివాళ్ళు ఎలుగుని పేరు పెట్టి పిలవరు. మగదైతే తాత, ఆడదైతే అవ్వ. ఆఖరి చేపలు ఏరెక్కే రోజుల్లో అవ్వ వాటా అని ఒక చేప రాతి మీద పెడతారు. పెట్టినట్టు ఎవరికీ చెప్పరు. చెబితే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టే. ప్రొకోపి నాయనమ్మ అతనికి నేర్పింది ఇంతే. ఒక చేప, ఒక రోజు, నోరు మూసుకో.

పద్నాలుగేళ్ళ కిందట అతని మనవరాలు లూషా, అప్పుడు నాలుగేళ్ళది, పండ్లు కోస్తూ పొదలోకి వెళ్ళి అవ్వకి ఎదురుపడింది. ప్రొకోపి చేతిలో తుపాకీ లేదు. అవ్వ పిల్లని చూసింది, అతన్ని చూసింది, పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. ఆ శరదృతువులో అతనికి ఒక్క చేప చాలదనిపించింది. బకెట్ నింపి తన రాతి మీద కుమ్మరించాడు. మర్నాడూ నింపాడు. అక్టోబరు నుంచి నవంబరు ఆఖరిదాకా రోజూ ఒక బకెట్, పద్నాలుగేళ్ళు. మత్రోనాకి తెలుసు. ఆమె కూడా నోరు మూసుకుంది.

ఈ ఏడు ఆగస్టులో జోయా ఊరి క్లబ్బులో జనాన్ని కూర్చోబెట్టి, గోడ మీద పటం తగిలించింది. ఈ పని ఇక పూర్తయిందనీ, పుస్తకం అచ్చుకి ఇస్తున్నాననీ చెప్పింది. తొమ్మిదింటిలో మూడు ఎలుగులు మిగతావాటికంటే నెల ఆలస్యంగా పడుకుంటున్నాయట. ఒక ముసలిదీ, దాని కూతుళ్ళిద్దరూ. మూడూ ఏటి మలుపులోనే తిరుగుతున్నాయట. అంటే అక్కడ భూమి అడుగున వేడి లేస్తోందనీ, అది మనుషులకంటే ముందు ఎలుగులకి తెలిసిందనీ ఆమె అర్థం చెప్పింది. గొట్టాలు మాత్రం నేల చల్లగానే ఉందన్నాయి, మంచుకి పాడయ్యాయి కాబోలు, వాటిని లెక్కలోంచి తీసేశానంది. పటం మీద ఎర్రచుక్కలన్నీ ఒక్కచోట కుప్పపడి ఉన్నాయి.

అది ప్రొకోపి చేపలు పెట్టే రాయి.

చప్పట్లు వినపడుతున్నాయి, అతని చేతులు మాత్రం లేవలేదు. పక్కన మత్రోనా శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్ల పన్నెండేళ్ళ కష్టం, దోమలూ వానలూ ఏడుపులూ, అన్నీ తన చేపల బకెట్ మీద కట్టిన ఇల్లు. చెబితే ఆ ఇల్లు కూలుతుంది, అవ్వకిచ్చిన మాటా పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల నలుగురిలో నగుబాటు అవుతుంది. కక్కలేక మింగలేక ఇంటిదాకా నడిచాడు.

“ఏం చేస్తావు?” అంది మత్రోనా.

“నాకేం తెలుసే. గోతులు తవ్వేవాణ్ణి.”

“ఆ పిల్లకి కూడా తవ్వావుగా ఒకటి.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అతను అక్కణ్ణించే వెనక్కి తిరిగి, పటం చుట్టుకుంటున్న జోయా దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి అంతా చెప్పేశాడు. లూషా సంగతి కూడా. జోయా మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. పటం చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“గొట్టాలు నిజమే చెప్పాయి బాబాయ్. నేనే వినలేదు” అంది. “ఈ ఒక్క ఏడాదీ చేపలు పెట్టకు. చూద్దాం.”

“అవ్వ వస్తుందమ్మా.”

“రానీ.”

అచ్చు ఆగిపోయింది. అక్టోబరు వచ్చింది. ప్రొకోపి బకెట్ ముట్టుకోలేదు. లూషాని మాత్రం ఏటివైపు వెళ్ళనివ్వలేదు. పద్దెనిమిదేళ్ళదాన్ని ఇంట్లో కట్టేస్తావా అని అది విసుక్కుంది. అతను ఇవతలి ఒడ్డున తుపాకీతో కూర్చున్నాడు. అవ్వ వచ్చింది. రాయి వాసన చూసి, దాని పక్కనే కూర్చుంది. మర్నాడూ వచ్చి కూర్చుంది. మూడోరోజు మంచు పడుతోంది. దాని వీపంతా తెల్లబడింది. అది లేవలేదు. పొద్దు వాలేవేళకి అతని వైపు ఒకసారి చూసి, కూతుళ్ళని వెంటేసుకుని కొండెక్కింది.

వారానికి జోయా ఫోన్ చేసింది. మూడూ పడుకున్నాయట, మిగతా ఆరింటితో పాటే. గొంతు మామూలుగా ఉంచాలని చూసింది, వల్ల కాలేదు. “నేల చల్లదే బాబాయ్. ఇన్నేళ్ళూ ఆ ముసలిదాన్ని నిద్రపోనివ్వనిది నువ్వే.”

నేరం మోపినట్టు కాదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. ప్రొకోపి ఫోన్ పెట్టేశాడు. పద్నాలుగేళ్ళు తను రుణం తీర్చుకుంటున్నాననుకున్నాడు. తన పిల్లని వదిలేసిన ప్రాణాన్ని మంచులో, ఆ వయసులో, రోజూ మేలుకోబెట్టి కూర్చోబెట్టాడు. నాయనమ్మ ఒక్క చేప అంది. ఎందుకు ఒక్కటో అతను అడగలేదు.

“ఏమందయ్యా?” అంది మత్రోనా.

“అవ్వ పడుకుందట.”

ఆమె బకెట్ తీసి, రుద్ది కడిగి, వాకిట్లో బోర్లించింది.