ఎడమ చేతి లెక్క

మా అక్క తన కడుపును నమ్మడం మానేసి చేతి వాచీని నమ్మిన రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండుతుంది.

అక్క నాకంటే చాలా పెద్దది. బావ పోయాక వరంగల్ కొత్తవాడలో మా ఇంటి పక్క పోర్షన్‌లోనే ఉండేది. జంపఖానాలు నేసేవాళ్ళకు రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇచ్చేది. షుగర్ ఉంది, మనిషి కాస్త లావు. ఒళ్ళు తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు. ఆ మాట పట్టుకుని, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క కూతురు ఒక చేతి వాచీ కొనుక్కొచ్చింది. అడుగులు, గుండె చప్పుడు, కాలరీలు అన్నీ చెప్పే రకం. తల్లి ఎడమ మణికట్టుకు తనే కట్టింది.

"కాలరీలంటే ఏందే?" అని అడిగింది అక్క.

"తిన్నది ఎంత కరిగిందో చెప్తదమ్మా. తిన్నదానికంటే ఎక్కువ కరిగితే సన్నగైతవ్."

మా ఇళ్ళలో తిన్నది కరగదు, అరుగుతుంది. అక్క కాసేపు ఆలోచించి, "ఓ, అరుగుడా!" అంది. మేనకోడలు నవ్వి, "ఆఁ, గంతే అనుకో" అంది. పని అక్కడే చెడింది. మా అమ్మ మమ్మల్ని పెంచిన తీరు వేరు. పొద్దున తిన్నది అరిగిందా లేదా అని అడిగి, అరిగిందంటేనే మధ్యాహ్నం కంచం ముందు పెట్టేది. అరగకముందే తింటే రోగాలొస్తాయని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఇప్పుడు అంకెలు చూపించే గాజు పలక ఒకటి దొరికింది.

ఏ టిఫిన్‌లో ఎన్ని కాలరీలో మేనకోడలు ఫోన్‌లో చెబితే అక్క గుర్తుపెట్టుకుంది. పొద్దున తిన్నాక వాచీలో అంకె చూసుకునేది, మధ్యాహ్నం మళ్ళీ చూసేది. మధ్యలో పెరిగింది తిన్నదానికి సరిపోకపోతే అన్నం గిన్నె మీద మూత తీసేది కాదు. షుగర్ గోలీలు మాత్రం తప్పకుండా వేసుకునేది. గోలీల విషయంలో డాక్టరు మాట, అన్నం విషయంలో వాచీ మాట.

"ఆకలైతలేదా అక్కా?" అని అడిగేవాణ్ణి.

"అయితాంది తమ్మీ. గని అరగలే. గిది చూడు."

"ఆకలైతాందంటే అరిగినట్టే గదా!"

"ఆకలి దొంగది. షుగరున్నోళ్ళకు ఊకెనే అయితదట." మణికట్టు నా ముఖానికి అడ్డంగా పెట్టేది. నేను కోపంగా బయటికి పోయేవాణ్ణి. మా ఆవిడ కూర తీసుకెళ్ళి ఇస్తే తీసుకుని, పక్కింటి పిల్లలకు పెట్టేసేది. నెల తిరక్కుండానే జాకెట్టు చేతులు వదులయ్యాయి. అందరూ సన్నబడ్డావని మెచ్చుకుంటుంటే ఆమె మురిసిపోయేది. నాకు భయం వేసేది.

ఒక ఆదివారం ఊరికే కూర్చుని ఆమె పని చూస్తున్నాను. రాట్నం తిప్పేది కుడి చెయ్యి. ఎడమ చెయ్యి దారాన్ని పట్టుకుని దాదాపు కదలకుండా ఉంటుంది. అది ఊగితే దారం తెగుతుంది. అక్క పొద్దంతా కష్టపడుతుంటే వాచీ మాత్రం కదలని చేతి మీద కూర్చుంది. దాని లెక్కలో మా అక్క గోడకానుకుని కూర్చున్న మనిషి. ఆ సంగతి తట్టగానే నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

విడమరచి చెబితే వినే మనిషి కాదు. అందుకని ఒక అబద్ధం ఆడాను. "అక్కా, షుగరున్నోళ్ళు కుడి చేతికే కట్టుకోవాల్నట. మా సేటు చెప్పిండు" అన్నాను. నేను గుమాస్తాగా చేసే ధాన్యం దుకాణం సేటంటే ఆమెకు గురి. వాచీ కుడి చేతికి మారింది. రాట్నం తిరిగిన కొద్దీ అంకె పరుగెత్తింది. మధ్యాహ్నానికల్లా అక్క కేకేసింది. "తమ్మీ, మొత్తం అరిగింది! ఇంకింత అరిగింది!"

ఆ పూట ఆమె పప్పు, అన్నం, ఇంత చింతకాయ తొక్కు కలుపుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. ఆ లెక్కా అబద్ధమే. కండెలు చుట్టినంత మాత్రాన అంత శక్తి ఖర్చు కాదని నాకూ తెలుసు. ఉంటే ఉండనీ అనుకున్నాను. ముఖానికి మళ్ళీ కళ వచ్చింది. బతుకమ్మ పండుగకు మా వాకిట్లో చప్పట్లు కొడుతూ ఆడింది కూడా.

పండుగకు వచ్చిన మేనకోడలు వెళ్ళిపోయే ముందు తల్లి చెయ్యి చూసింది. "గిదేంది, కుడి చేతికి కట్టుకున్నవ్? గందుకే గిన్ని కాలరీలు చూపెడ్తాంది. తప్పు లెక్క అమ్మా. పని తక్కువ చేసే చేతికే కట్టుకోవాలె" అని విప్పి ఎడమ చేతికి కట్టింది. నేను ఆమెను పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను.

"మామా, నువ్వు జర ఫికర్ చెయ్యకు. తప్పు లెక్క నమ్ముకుని తింటే షుగర్ పెరుగుతది. తినుమని నేను రోజూ ఫోన్ల చెప్త" అంది. చెప్పింది కూడా, పాపం. తిన్నానని అక్క ఫోన్‌లో రోజూ అబద్ధం చెప్పింది.

దీపావళి వెళ్ళాక ఒక మధ్యాహ్నం రాట్నం చప్పుడు ఆగిపోయింది. దారం తెగిందేమో అనుకున్నాం. మా ఆవిడ వెళ్ళి చూసేసరికి అక్క రాట్నం పక్కన ఒరిగి ఉంది. ఒళ్ళంతా చెమట. నోట్లో చక్కెర నీళ్ళు పోస్తే బయటికి కారిపోయాయి. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. గోలీ వేసుకుందా అని డాక్టరు అడిగాడు, వేసుకుందన్నాం. తిన్నదా అని అడిగాడు. అన్నం గిన్నె మీద మూత తీయనే లేదని మా ఆవిడ చెప్పింది. షుగర్ పూర్తిగా పడిపోయి చాలాసేపయిందన్నాడు. అక్కకు మళ్ళీ తెలివి రాలేదు. నాలుగో రోజు పోయింది.

మేనకోడలి మీద నా కోపం ఇంతా అంతా కాదు. దినాలు అయ్యేదాకా నోరు కుట్టుకున్నాను. అందరూ వెళ్ళిపోయాక అడగాల్సినవన్నీ అడగాలని, మాటలు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను.

ఆ రోజు సాయంత్రం ఆమె అక్క గదిలో కింద కూర్చుని ఉంది. దవాఖాన వాళ్ళు విప్పి ఇచ్చిన వాచీ, అదే కవర్‌లో, ఒళ్ళో ఉంది. చేతిలో వాచీకి జతచేసిన అక్క ఫోన్.

"మామా, గిది ఇంకా కాలరీలు చూపెడ్తాంది" అంది.

"ఎవలియి?"

"అమ్మయి. నిన్నటియి, ఇయ్యాల్టియి." వేలితో వెనక్కి జరుపుతూ పోయింది. అక్క ఎడమ చేతికి కట్టుకుని పొద్దంతా కండెలు చుట్టిన రోజులవీ, వాచీ కవర్‌లో పడి ఉన్న ఈ రోజులవీ అంకెలు ఇంచుమించు ఒక్కటే.

"మొదటి రోజు అమ్మ వయసు, ఎత్తు, బరువు నేనే కొట్టిన మామా. మనిషి ఊకెనే కూసున్నా ఎంత కరుగుతదో దాన్నిబట్టి లెక్కేస్కుంటా పోతాంది. చెయ్యి ఉన్నా లేకున్నా." ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూసింది. "అంటే అమ్మ రోజూ చూస్కొని పస్తులున్నది నేను కొట్టిన అంకెనేనా?"

ఆమె పక్కన కింద కూర్చున్నాను. "కాదు బిడ్డా" అన్నాను. అక్కను నమ్మించినట్టు ఆమెను నమ్మించలేకపోయాను.