బక్కెట్లో ఉప్పు

దయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే, పనిలేక పుట్టిన ముచ్చట అని కసిరే మనిషిని నేను. బడి నాలుగో తరగతితోనే ఆగిపోయింది గానీ, కంటితో చూడనిదాన్ని నమ్మే అలవాటు లేదు. ఇది మాత్రం కంటితో చూశాను. నాలుకతో కూడా చూశాను.

తెలంగాణ కోసం సమ్మెలు నడుస్తున్న రోజులు. భూపాలపల్లిలో నేనూ, నా కోడలు రజితా ఉండేవాళ్లం. నా కొడుకు కామెర్లతో పోయి నెలే అయింది. వాడు ముచ్చటపడి పెంచిన సముద్రపు చేపల అద్దాల తొట్టి ముందుగదిలోనే ఉండేది.

దాన్ని నేనే చూసేదాన్ని. ఎండకు రోజూ నీళ్లు తగ్గేవి. వాడు సముద్రపు ఉప్పు కలపడం చూశాను కాబట్టి, సాయంత్రం బక్కెట్లో క్యాను నీళ్లు పోసి ఉప్పు కలిపి మూతపెట్టి, పొద్దున తొట్టిలో పోసేదాన్ని. రెండు వారాల్లో ఒక చేప చచ్చిపోయింది. రెండోది మేత ముట్టక, అడుగున పక్కకు ఒరిగి రొప్పుతోంది. పువ్వుల్లా విచ్చుకునే పగడాలు ముడుచుకుపోయాయి.

రజిత మానుకోటలో తల్లిగారింటికి పోతూ గడపలో ఆగింది.

"అత్తమ్మా, ఆయన చేత్తోటి మేత తిన్నది గిదొక్కటే మిగిలింది. గిది గూడ పోతే నేనీ ఇంట్ల ఉండలేను."

రజిత ఊరికి పోయిన మర్నాడే సమ్మెలో రైళ్లు ఆపేశారు, బస్సులు లేవు. ఆమె అక్కడే చిక్కుకుంది. ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ పొద్దున బక్కెట్లో నీళ్లు రుచి చూస్తే చప్పగా ఉన్నాయి. ఉప్పు మరిచానేమో అనుకుని అవే పోశాను. సాయంత్రం రెండింతలు కలిపి, రుచి చూసి మరీ మూతపెట్టాను. తెల్లారి మళ్లీ మంచినీళ్లే. బక్కెట్టు నిండుగానే ఉంది, అడుగున ఉప్పు రవ్వ లేదు. ఉప్పు దండగవుతుందని నాకు ఒళ్లు మండింది. మూడోనాడు మూత మీద రోకలి పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను. రోకలి కదల్లేదు. నీళ్లు మాత్రం చప్పనే.

డబ్బాలో ఉప్పు అయిపోయింది. ఇక రోజూ అడుగు చెత్తతో పాటు నాలుగు చెంబుల నీళ్లు తోడి, ఆ మేరకు మంచినీళ్లే పోశాను. వారానికి చేప నిటారుగా ఈదింది.

ఉప్పు కోసం హన్మకొండలో చేపల దుకాణానికి ఫోన్ చేస్తే, అతను జరిగిందంతా అడిగి ఇట్లా అన్నాడు:

"అవ్వా, ఎండకు పోయేది నీళ్లే, ఉప్పు ఆడనే ఉంటది. తగ్గినకాడికి మంచినీళ్లే పొయ్యాలె. నువ్వు ఉప్పు మీద ఉప్పు పోసి చంపుతున్నవ్. గీ సంగతి తెలిసినోళ్లే ఎవరో నీ ఉప్పును ఆపిన్రు."

ఎవరని అతను అడగలేదు.

బస్సులు నడిచాక రజిత వచ్చింది. చేపకు మేత వేసింది, అది తిన్నది. నేను జరిగింది చెప్పాను. తొట్టి మీంచి తల తిప్పకుండానే అడిగింది.

"ఆయనేనా, అత్తమ్మా?"

ఔనంటే అది నేను నమ్మని మాట. కాదనడానికి ఇప్పటికీ నాకు నోరు రావడం లేదు.