మొదలూ చివరా నా దగ్గర, నడుమ బావ దగ్గర

మా బావ మీద నాకు ముప్పై అయిదేళ్ల కక్ష. కక్షకు అడుగున ఒక 'య' తగిలిస్తే కక్ష్య అవుతుంది. నాది అలాంటిదే, నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరిగే రకం. ఈ మధ్యలో నా మోకాళ్లు అరిగాయి గానీ ఇది అరగలేదు.

కారణం ఒక రికార్డు. కాలేజీ రోజుల్లో, గల్ఫ్ నుంచి బార్కస్‌కు తిరిగొచ్చిన ఒక పెద్దాయన తన ట్రంకుపెట్టె ఖాళీ చేస్తూ నాకొక సైకడెలిక్ రాక్ ఆల్బమ్ ఇచ్చాడు. రెండు రికార్డులు, నాలుగు వైపులు. గిటార్లు పొగలోంచి నడిచి వస్తున్నట్టు ఉండేవి, పాడేవాడి గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉండేది. మొదటిసారి పెట్టిన రోజు, పత్తర్‌గట్టిలోని మా చీరల దుకాణం నుంచి అప్పుడే వచ్చిన బాపు, చెప్పులైనా విడవకుండా, మోటరు కాలిందా అని అడిగాడు.

ఆ ఆల్బమ్‌లో ఒక తిరకాసు ఉంది. పాతకాలపు ప్లేయర్లు కొన్నిటిలో రికార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే అవే ఒక్కొక్కటిగా కిందికి జారేవి. వాటికి వీలుగా ఉండాలని ఒక రికార్డుకు ముందూ వెనకా ఒకటో వైపు, నాలుగో వైపు అచ్చేశారు. రెండూ మూడూ ఇంకో రికార్డు మీద ఉన్నాయి. అంటే అందులో ఒక రికార్డు పోతే ఆల్బమ్‌లో సగం పోవడం కాదు, నడుం విరగడం.

అక్క పెళ్లి హుస్సేనీ ఆలంలో మా ఇంట్లోనే జరిగింది. పెళ్లి భోజనంలో కొత్త అల్లుడు విస్తరి ముందు అలిగి కూర్చోవడం మా ఇళ్లలో ఆనవాయితీ. కోరింది ఇస్తే గానీ ముద్ద ముట్టడు. వాచీ అడుగుతాడని బాపు ముందే కొని జేబులో పెట్టుకున్నాడు. సన్నాయివాళ్లు తినడానికి లేచిన సందు చూసి, ఇరవై ఏళ్ల తెలివితో నేను నా రికార్డు పెట్టాను. అలిగిన బావ చుట్టూ చూసి, మూలన తిరుగుతున్న ఆ నల్ల పళ్లెం చాలన్నాడు. ఎంత ఆశలేని పిల్లగాడని పందిరంతా మెచ్చుకుంది. ఆ పళ్లెం మీదున్నవి రెండో వైపు, మూడో వైపు. అలిగింది ఆయన, నలిగింది నేను.

నెల తర్వాత తిరిగి అడుగుదామని అమ్మతో అన్నాను. అమ్మ చేతిలో పని ఆపి నావైపు చూసింది.

"అల్లుడు అలిగి తీస్కున్నది వాపస్ అడుగుతర్రా? మీ అక్క ముందు నీ పళ్లెమొకటి వచ్చిందా?"

తర్వాత మూడేళ్లకు బావ మా ఎదురిల్లే కొన్నాడు. మా గల్లీ ఎంత ఇరుకంటే, రెండిళ్ల కిటికీలూ ఒకేసారి తెరిస్తే రెక్కలు కొట్టుకుంటాయి. ఆయనొక ప్లేయర్ కూడా కొన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున, టిఫిన్ కాగానే, నా రెండో వైపు, నా మూడో వైపు. మొదట్లో నన్ను ఏడిపించడానికే పెట్టేవాడేమో గానీ, వినీ వినీ ఆయనకు దాని పిచ్చి పట్టింది. మూడో వైపు ఆఖర్న ఒక పాట మలుపు తిరుగుతూ ఆగిపోతుంది, మిగతాది నాలుగో వైపున ఉంది. అది ఏమవుతుందో వినాలని ఒకసారి అక్కతో కబురు పంపాడు. ఈసారి అలగమను, చూద్దాం అన్నాను.

ఆ రోజు నుంచి నా రికార్డును కిటికీలన్నీ మూసుకుని విన్నాను. మే నెలలో కూడా. పగ తీర్చుకునేవాళ్లకు చెమట పట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా నాన్నా అంటుంది నా కూతురు. ఫోన్ల పాట ఎంగిలి పాట అంటాడు బావ. జన్మలో మా ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఈ మధ్య ఆ ఆల్బమ్‌ను మళ్లీ రికార్డులుగా అచ్చేశారు. నగరానికి అవతలి కొసన ఉన్న ఒక దుకాణానికి ఒక్క కాపీ వస్తోందని తెలిసి, రెండు నెలల ముందే నాకని చెప్పి పెట్టాను. పుస్తకంలా తెరుచుకునే అట్ట, లోపల రెండు జేబులు. పేర్చి వేసే ప్లేయర్లు పోయాయి కాబట్టి ఈసారి వరస మార్చారు. ఒక రికార్డు మీద ఒకటీ రెండూ, ఇంకోదాని మీద మూడూ నాలుగూ. వారంలో బావ షష్టిపూర్తి. అరవై నిండిన మనిషికి భార్యతో మళ్లీ పెళ్లి, మళ్లీ విస్తరి, కాబట్టి మళ్లీ అలక. దేవుడు ఉన్నాడని నాకు ఆ వారం గట్టిగా అనిపించింది.

పథకం ఇదీ. ఒకటీ రెండూ ఉన్న రికార్డు బావకిస్తాను. ఆయన దగ్గర పాతది ఉంది కాబట్టి మూడు వైపులూ సమకూరతాయి. నాలుగోది మాత్రం చచ్చినా దొరకదు. కానుక కొత్తగా ఉండాలని ఆ రికార్డు మీద నేను ముల్లు కూడా పెట్టలేదు. ముందు పగ, తర్వాత పాట అనుకున్నాను.

అనుకున్నట్టే విస్తరి ముందు బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కన పట్టుచీరలో అక్క నవ్వు ఆపుకుంటోంది. ఏం కావాలని ముసలి పెళ్లికొడుకును ఎవరో అడిగారు. ఆయన నన్నే చూస్తున్నాడు.

"గా పాట ఆఖరుకు ఏమైతదో నాకు ఇనాలె బామ్మర్దీ. ముప్పై అయిదేండ్లాయె."

గొంతులో వేళాకోళం లేదు. ఒక్క క్షణం నా చెయ్యి వెనక్కి వెళ్లబోయింది. పళ్లెం మీద జాలిపడని మనిషి మీద జాలేమిటని అట్ట చేతికిచ్చాను. ఆత్రంగా తెరిచాడు. ఒక జేబులోంచి రికార్డు తీశాడు, రెండో జేబులో వేళ్లు పెట్టి వెతికాడు.

"ఒక్కటే ఉన్నదేంది?"

"అప్పుడు నువ్వు గూడ ఒక్కటే అడిగినవ్ గద బావా."

ముప్పై అయిదేళ్లుగా దాచుకున్న మాట. చెప్పాక నోరు తియ్యగా అయింది, భక్ష్యం ఇంకా వడ్డించకముందే. బావ లేబుల్ మీద అంకెలు చదివాడు, తిప్పి మళ్లీ చదివాడు. తర్వాత నెమ్మదిగా విస్తరి దగ్గరికి జరుపుకున్నాడు.

"మంచిగైంది. రెండో సైడు ఇప్పుడు నా దగ్గర రెండున్నయి. నీ దగ్గర ఎన్నున్నయి?"

నా దగ్గర పాతదాని మీద ఒకటీ నాలుగూ, కొత్తదాని మీద మూడూ నాలుగూ. రెండోది ఒక్కటీ లేదు. బావకు ఏది లేకుండా పోతుందో వారమంతా చూసుకున్నానే గానీ, నాకేం మిగులుతుందో ఒక్కసారీ చూసుకోలేదు. ఆయన భక్ష్యం మీద నెయ్యి వేయించుకుని, నా విస్తరిలో కూడా వెయ్యమన్నాడు.

ఆదివారం పొద్దున ఎదురు కిటికీ బార్లా తెరుచుకుంది. ముందు పాత రికార్డు మీద రెండో వైపు, అయ్యాక కొత్తదాని మీద అదే రెండో వైపు, గల్లీ అంతా వినపడేలా. నేను పూర్తిగా విన్నాను. చాలా బాగుంది, అది ఇంకా మంట.

అయిపోయాక లేచి, ఇన్నేళ్లలో మొదటిసారి నా రికార్డు కోసం కిటికీ తెరిచాను. నాలుగో వైపు పెట్టాను. మలుపు దగ్గర ఆగిన పాట మళ్లీ అందుకుంది. ఎదురుగా బావ కుర్చీ కిటికీ దాకా జరిగింది, తర్వాత ఆయన తల బయటికొచ్చింది, కళ్లు మూసుకుని ఉన్నాడు. పాట ఎక్కుతూ ఎక్కుతూ చివరికొచ్చింది. ఇంకొక్క చుట్టు అనగా ముల్లు ఎత్తేశాను.