డిటెక్టివ్ మెలెన్సియో కుడిచెయ్యి

మా ఇలోయిలో ఊరి బజారులో డిటెక్టివ్ మెలెన్సియో పరుగు చూడాలండీ! పచ్చిమామిడి ముక్క రొయ్యల ముద్దలో అద్దుకుని, నములుతూనే దొంగల్ని పట్టేస్తాడు. కొడుకు జెర్విన్ ఒక్కడే ఆయన చేతికి చిక్కడు, ఇల్లు పట్టకుండా తిరుగుతాడు. నిన్న పొద్దున మెలెన్సియో, గొలుసు తెంపిన ముసుగువాణ్ణి చేపల సందు చివర గోడదాకా తరిమాడు. "ఆ ముక్క తర్వాత తిందువుగాని, పట్టుకో అన్నా!" అని మేమంతా ఒకటే కేకలు. "ఇలా తేరా చెయ్యి!" అంటూ ఆయన సంకెళ్ళు తీసి, కుడిచెయ్యి చాచాడు. బెదిరిపోయిన ముసుగువాడు అలవాటు కొద్దీ వంగి, ఆ చేతిని నుదుటికి ఆనించుకున్నాడు, మా పిల్లలు ఇంట్లో పెద్దల దీవెన తీసుకున్నట్టే!

"నాన్నా..." అన్నాడు ముసుగులోంచి.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అన్నాడు మెలెన్సియో. అని, సంకెళ్ళు వేశాడు.