వట్లూరని రాయకండి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అంతకన్నా లేదు. ఇంట్లో అందరూ మొండిఘటం అనేవారు. ఏలూరు పక్కన వట్లూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసేదాన్ని. సొంత వివరాలు నెట్లో పెట్టొద్దని పిల్లలకి తెగ చెప్పేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

కిందటేడు అక్క కైకలూరు నుంచి కట్టుబట్టలతో నా దగ్గరికి వచ్చేసింది. బావగారు ఇస్త్రీపెట్టెతో చెయ్యి కాల్చారు. ఎక్కడున్నా వెతికి చంపుతానని మెసేజ్ పెట్టారు. ఆ ఇంటికీ మాకూ రాకపోకలు ఆగిపోయాకే నేను వట్లూరులో చేరాను కాబట్టి నా ఇల్లు ఆయనకి తెలియదు.

చట్టం ఏమంటుందో తెలుసుకుందామని ఆడవాళ్ల ఫోరం ఒకదాంట్లో రాశాను. పేర్లన్నీ మార్చాను. కైకలూరు, ఇస్త్రీపెట్టె మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. అవి మార్చడానికి మనసొప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. పోస్టు కింద ఒకామె అడిగింది. "అయ్యో పాపం, మాదీ ఈ వైపేనండీ. ఇప్పుడు మీరుండేది ఏ ఊరండీ?"

మా వైపు ఊరు అడిగితే చెప్పకపోవడం అమర్యాద. బస్సులో పక్క సీటామెకి కూడా ఊరూ ఇంటిపేరూ చెప్పేస్తాం. "వట్లూరండీ" అని టైపు కొట్టేశాను. పంపే బటన్ ఇంకా నొక్కలేదు.

ఆ ప్రశ్న కింద ఇంకో జవాబు వచ్చింది. పేరు లేదు, ఫొటో లేదు.

"వట్లూరని రాయకండమ్మా. అడిగింది ఆడమనిషి కాదు."

కొట్టింది వెంటనే చెరిపేశాను. ఏదీ చెప్పకపోతే బాగుండదని, చూడండి నా తెలివి, "భీమడోలండీ" అని పంపాను. పేజీ మళ్లీ తెరిస్తే ఆ హెచ్చరిక లేదు.

మా కాలేజీ మేడం ఒకావిడ రోజూ భీమడోలు నుంచి రైల్లో వస్తారు, అక్కని మా ఇంట్లో చూశారు కూడా. మర్నాడు వస్తూనే, "ఏవండీ, స్టేషన్ దగ్గర టీకొట్టులో ఎవరో ఒకాయన మీ అక్కగారి ఫొటో చూపించి అడుగుతున్నారండీ. నాకు తెలీదనేశాను," అన్నారు.

నాకు ఏడుపు రాలేదు.  సాయంత్రం దాకా పిల్లల రికార్డులు దిద్దుతూ కూర్చున్నాను.

పోస్టు తీసేసి ఫోరం నడిపేవాళ్లని అడిగాను. అలాంటి జవాబేదీ రాలేదన్నారు. పంపని మాట ఎవరికీ కనబడదన్నారు. అది నాకూ తెలుసు.

"ఎవరైతేనేం, దణ్ణం పెట్టుకోవే," అంది అక్క. నాకు చేతులు లేవలేదు. కాపాడారు, నిజమే. కానీ మేమెక్కడున్నామో వాళ్లకి తెలుసు. వాళ్లెవరో మాకు తెలీదు.

ఆ జవాబు ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ వారమే వట్లూరు వదిలేశాం. ఇప్పుడు ఏ ఊరని మాత్రం అడక్కండి.