ఊరు లేని ఇండ్లు

అమరచింత నుంచి బతకడానికి వచ్చిన మాకు, పట్టణం బయట గుట్ట పక్కన ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో ఒకటి దక్కింది. నేను ఇంట్లోనే మిషన్ కుట్టేదాన్ని. పై అంతస్తులో ఒక పెద్దామె ఒంటరిగా ఉండేది. ఖిల్లా ఘణపూర్ వైపు కౌలు చేను చేసి, భర్త పోయాక ఇటు వచ్చింది. నేను అక్కా అంటే ఆమె చెల్లె అనేది.

ఏడాది తిరగకముందే మురుగు గుంతలు పొంగి, ఆ నీళ్లు తాగునీటి సంపులోకి దిగాయి. పట్టణం మున్సిపాలిటీలో అడిగితే మీ కాలనీ ఇంకా మాకు అప్పగించలేదన్నారు. పక్క ఊరి పంచాయతీలో అడిగితే మీరు మా వాళ్లు కాదన్నారు. అక్క ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను కూడగట్టింది. నల్లా నీళ్లు సీసాల్లో పట్టుకుని మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. అర్జీ తీసుకుని పంపేశారు.

వానాకాలంలో కాలనీ అంతటా వాంతులు, విరేచనాలు. అక్కను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నం చనిపోయింది.

పూడ్చడానికి పక్క ఊరి బొందలగడ్డకు మోసుకెళితే పదిమంది అడ్డం నిలబడ్డారు. వాళ్లలో ఒక పెద్దమనిషి అన్నాడు: "ఈడ మా ఊరోళ్లకే జాగ. మీరు యాడికెల్లి వచ్చిన్రో మాకు తెల్వదు."

"ఈడనే బతికింది, ఈడనే సచ్చింది. ఇగ ఏ ఊరిదంటవ్ అన్నా?" అన్నాను.

అతను తల దించుకున్నాడు గానీ పక్కకు జరగలేదు. సొంతూర్లో ఉన్న అక్క మరిదికి ఫోన్ చేస్తే, ఈ ఊర్లో ఆమెకేమీ లేదు, ఇటు తేవద్దన్నాడు.

శవాన్ని రోడ్డు మీద దించి చుట్టూ కూర్చున్నాం. బస్సులు ఆగాక ఒక అధికారి వచ్చి, కాలనీ వెనక రాళ్లనేల చూపించాడు. గడ్డపార దిగక మగవాళ్ల అరచేతులు బొబ్బలెక్కాయి. మా ఇళ్లలో ఆడవాళ్లం సమాధి దాకా వెళ్లం. ఆరోజు వెళ్లాను. గొయ్యి లోతు రాలేదు. కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చాం.

ఇప్పుడు రెండు రోజులకోసారి ట్యాంకర్ వస్తుంది. మురుగు పైపులు వేయలేదు. కొందరు తాళాలేసి వెళ్లిపోయారు. ఆఫీసుకు పోదాం రమ్మంటే నాతో నలుగురు వస్తారు, ఒక్కోసారి ఇద్దరే. ఆ రాళ్ల పక్కన మరో మూడు సమాధులు లేచాయి.